మంచం కింద 19 ప్రింట్లు: ఆర్ట్స్ వాళ్లకి వ్యాపారం నేర్పే కోర్సు మీద నా రివ్యూ

నేను ప్రింట్‌మేకింగ్ విద్యార్థిని. లినోలియం షీటు మీద బొమ్మ చెక్కి, రోలర్‌తో ఇంకు పూసి, కాగితం మీద అచ్చు తీస్తాను. మా యూనివర్సిటీలో ఆర్ట్స్ విద్యార్థుల కోసమని ఎంట్రప్రెన్యూర్‌షిప్ ఎలెక్టివ్ ఒకటి ఉంది. 14 వారాలు, వారానికి ఒక సాయంత్రం, మూడు గంటలు. పోయిన సెమిస్టర్‌లో తీసుకున్నాను. "చేరాలా వద్దా అక్కా" అని జూనియర్లు కనబడినప్పుడల్లా అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక లేక ఇలా రాసి పెడుతున్నాను. ఐదుకి మూడున్నర ఇస్తాను. ఆ ఒకటిన్నర ఎక్కడ కోశానో కింద చెప్తాను.

ఇష్టపడి చేరలేదు, ముందే చెప్పేస్తున్నా. నాకు కావాల్సిన ఎలెక్టివ్‌లో సీట్లు అయిపోయాయి, మిగిలింది ఇదే. మా డిపార్ట్‌మెంట్‌లో మార్కెట్ అనే మాట వింటేనే ముఖం చిట్లించేవాళ్లు ఎక్కువ. బొమ్మ దానంతటది అమ్ముడుపోతే సంతోషం, మనం అమ్మబోతే మాత్రం నామోషీ. నేనూ ఆ బాపతే. ఎవరైనా ధర అడిగితే నేల చూపులు చూస్తూ ఏదో ఒక అంకె గొణిగేదాన్ని. వాళ్లు నోరు తెరిచేలోపే "మీరు ఎంతిచ్చినా పర్లేదండీ" అని నేనే అనేసేదాన్ని.

క్లాసులో 26 మందిమి. బొమ్మలు వేసేవాళ్లు, వయొలిన్ వాయించే అబ్బాయి, నాటకం వాళ్లు నలుగురు, సాహిత్యం, చరిత్ర, ఇద్దరు ఫిలాసఫీ వాళ్లు. మొదటి రోజు మేడం స్లైడ్లు వేయలేదు. రిచర్డ్ కాంటియాన్ అనే ఆయన రాసి, ఆయన పోయాక 1755లో అచ్చయిన మాటని తన మాటల్లో బోర్డు మీద రాశారు: ఎంట్రప్రెన్యూర్ అంటే తెలిసిన ధరకి కొని తెలియని ధరకి అమ్మేవాడు. నాకది భలే నచ్చింది. కాగితం ధర నాకు తెలుసు, ఇంకు ధర తెలుసు. బొమ్మ ఎంతకి పోతుందో తెలియదు, అసలు పోతుందో లేదో కూడా తెలియదు. ఆ లెక్కన నేను మూడేళ్లుగా ఈ పనిలోనే ఉన్నాను. కాకపోతే లెక్క రాసుకోలేదు.

లెక్క మూడో వారంలో రాయించారు. ఈ కోర్సు మొత్తంలో నన్ను కుదిపేసిన క్లాసు అదే. అప్పటికే అమ్మిన ఒక వస్తువునో, చేసిన ఒక పనినో తీసుకుని, దానికి పట్టిన ప్రతి గంటా, పెట్టిన ప్రతి ఖర్చూ రాసుకుని రమ్మన్నారు. నేను అంతకు ముందు ఏడాది చేసిన ఒక ఎడిషన్ తీసుకున్నాను. ఎడిషన్ అంటే తెలియనివాళ్ల కోసం: ఒక షీటు నుంచి ఇన్నే ప్రింట్లు తీస్తానని ముందే అనుకుని, ఒక్కోదాని కింద పెన్సిల్‌తో 1/30, 2/30 అని నంబరు వేసి సంతకం పెడతాం. నాది 30 ప్రింట్ల ఎడిషన్.

రాస్తూ పోతే ఇలా తేలింది. స్కెచ్‌కి 9 గంటలు. చెక్కడానికి 22. ట్రయల్ ప్రూఫులకి 4. అసలు ముద్రణకి 10, అందులో 36 కాగితాలు తీస్తే ఆరు పాడయ్యాయి. ఒకదాని మీద నా బొటనవేలి ముద్ర బొమ్మ కన్నా స్పష్టంగా పడింది. సంతకాలకి, ప్యాకింగ్‌కి 3. "ఇది ఇంకో రంగులో ఉందా" అని అడిగేవాళ్లకి మెసేజ్‌లు కొట్టడానికి 5. మొత్తం 53 గంటలు. మెసేజ్‌ల గంటలు మొదట రాయలేదు నేను. "అది పని కాదా అమ్మా?" అని మేడం అడిగితే అప్పుడు రాశాను.

"ఎంతకి అమ్మావు?"

"మెటీరియల్ ఖర్చుకి రెట్టింపు మేడం." కాస్త గర్వంగానే చెప్పాను, రెట్టింపు అంటే బాగానే లాభం కదా అని.

"ఎన్ని పోయాయి?"

"11."

"మిగతా 19 ఎక్కడున్నాయి?"

"మంచం కింద."

క్లాసంతా నవ్వింది. మేడం నవ్వకుండా చాక్‌పీస్ తీసుకున్నారు. ఒక ప్రింటుకి అయ్యే మెటీరియల్ ఖర్చు, పాడైనవాటితో సహా, ఒకటి అనుకోండి. 30 ప్రింట్లకి నేను పెట్టింది 30. రెండేసి చొప్పున 11 అమ్మితే వచ్చింది 22. అంటే 53 గంటలు ఒళ్లు వంచి పనిచేసి, పైపెచ్చు ఎనిమిది ఎదురిచ్చాను. పెట్టింది వెనక్కి రావాలంటేనే 15 అమ్మాలి. ఇక గ్యాలరీలో పెడితే ఏమయ్యేది అని అడిగారు. గ్యాలరీలు అమ్మిన ధరలో సగం దాకా కమిషన్ తీసుకోవడం మామూలే. రెండులో సగం పోతే ఒకటి, ఆ ఒకటి ఖర్చుకి సరి. 30కి 30 అమ్ముడైనా నాకు మిగిలేది సున్నా. ఎడిషన్ మొత్తం అమ్ముడుపోవాలని ఏడాది పాటు కలలు కన్నానే, ఆ కల నిజమైనా సున్నాయే అన్నమాట!

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు. మా డిపార్ట్‌మెంట్‌లో షీటు మీద గీత ఎంత లోతుగా దిగాలో నేర్పారు, కాగితం ఎంతసేపు తడపాలో నేర్పారు. ఈ కూడికలు, తీసివేతలు నాలుగో తరగతివి. ఎవరూ చేయించలేదు.

దాని తర్వాతి వారం ఒక చిన్న అభ్యాసం. ఇద్దరిద్దరు ఎదురెదురుగా కూర్చుని, ఒకరు తన వస్తువు ధర చెప్పాలి. చెప్పాక నోరు మూసుకోవాలి, మనసులో ఐదు దాకా లెక్కపెట్టాలి. అంతే. నాకు జతగా నాటకం అమ్మాయి వచ్చింది. నేను కొత్త ధర చెప్పాను. తను కళ్లు పెద్దవి చేసి, కావాలనే, ఏమీ అనకుండా చూస్తూ కూర్చుంది. రెండు దాకా లెక్కపెట్టగలిగాను. మూడు దగ్గర "కానీ స్టూడెంట్స్‌కి అయితే..." అని మొదలెట్టేశాను. మొత్తం ఎనిమిది సార్లు చేయించింది నా చేత. అడగందే అమ్మయినా పెట్టదంటారు. అడిగాక నోరు మూసుకోవాలని మాత్రం ఎవరూ చెప్పలేదు. ఈ విషయంలో నాటకం వాళ్లు మా అందరికన్నా నాలుగాకులు ఎక్కువే చదివారు. వాళ్లకి మౌనం కూడా డైలాగే.

ఐదో వారంలో బయటికి తోలారు. క్లాసులో కూర్చుని కొనేవాళ్ల గురించి ఊహించుకోవద్దు, వెళ్లి మాట్లాడండి అని. స్టీవ్ బ్లాంక్ అనే ఆయన స్టార్టప్ వాళ్లకి ఎప్పుడూ చెప్పేది ఇదేనట, బిల్డింగ్ దాటి బయటికి పొమ్మని. ఒక్కొక్కరం పదిమంది అపరిచితులతో మాట్లాడాలి. మొదటి విడతలో నేను పిచ్చి ప్రశ్న వేశాను: "ఇలాంటి ప్రింటు అయితే మీరు కొంటారా?" పదిమందిలో ఎనిమిది మంది కొంటామన్నారు. ఆనందంగా వచ్చి చెప్తే మేడం అడిగారు: "మొహం మీద కొనను అని ఎవరంటారమ్మా?"

రెండో విడతకి ప్రశ్న మార్చి పంపారు. రాబోయేది అడగొద్దు, జరిగింది అడగండి. చివరిసారి గోడకి పెట్టుకోవడానికి ఏదైనా ఎప్పుడు కొన్నారు? కొన్నాక ఏం చేశారు? ఈసారి పదిమందిలో ఐదుగురు ఎప్పుడో ఒకప్పుడు ఏదో ఒక ప్రింటు కొన్నారు. అందులో ముగ్గురిది ఇంకా చుట్టచుట్టి ట్యూబులోనే ఉంది. ఎందుకంటే ఫ్రేము. అది ఏ రెడీమేడ్ ఫ్రేములోనూ పట్టదు, కొలతలిచ్చి కట్టించాలి, దానికి తీరిక దొరకదు, కట్టిస్తే బొమ్మ కన్నా ఫ్రేముకే ఎక్కువ అవుతుంది. ఒకాయన అయితే అల్మరా మీది నుంచి ట్యూబు దించి చూపించాడు. మూత మీద దుమ్ము.

ఇంటికొచ్చి నా ప్రింట్లు కొలిచాను. 23 సెంటీమీటర్లు బై 31. ఆ కొలత ఎందుకు ఎంచుకున్నానంటే, పెద్ద కాగితాన్ని మడిచి చింపితే అలా వచ్చింది కాబట్టి. ఏ4 అంటే 210 బై 297 మిల్లీమీటర్లు. ఆ ఫ్రేములు ఎక్కడపడితే అక్కడ దొరుకుతాయి. నాది దానికన్నా అటు రెండు, ఇటు 1.3 సెంటీమీటర్లు ఎక్కువ. ఆ కాస్త కొలతకి 19 ప్రింట్లు మంచం కిందకి వెళ్లాయని అనను, బొమ్మలోనూ లోపాలున్నాయి. కానీ బొమ్మ గురించి నేను మూడేళ్లు ఆలోచించాను, కొన్నవాళ్లు దాన్ని ఇంటికి తీసుకెళ్లి ఏం చేస్తారని మూడు నిమిషాలు ఆలోచించలేదు. ఇప్పుడు చెక్కేవన్నీ ఏ4 కాగితానికి, చుట్టూ అంచు వదిలి చెక్కుతున్నాను.

హక్కుల మీద రెండు వారాలు ఒక లాయరు వచ్చి చెప్పారు. మనిషి హడావుడి లేకుండా, కథలా చెప్తారు. విలియం హోగార్త్ కథ నేను అక్కడే విన్నాను. మా బాపతు మనిషే, రాగి రేకుల మీద చెక్కి ప్రింట్లు అమ్మేవాడు. ఆయన సిరీస్ ఒకటి 1732లో బయటికి రాగానే లండన్‌లో దొంగ కాపీలు కుప్పలు తెప్పలుగా వచ్చాయి. చెక్కింది ఈయన, డబ్బులు వాళ్లవి. ఊరుకోలేదు. తోటి చెక్కుడు పనివాళ్లని కూడగట్టుకుని పార్లమెంటు దాకా వెళ్లి చట్టం తెప్పించాడు. ముద్రించిన బొమ్మకి 14 ఏళ్ల రక్షణ. ఆ చట్టం 1735 జూన్ 25న అమల్లోకి వచ్చింది. తర్వాతి ఎనిమిది ప్రింట్ల సిరీస్ తయారై కూర్చున్నా, ఆ తేదీ వచ్చేదాకా అమ్మకుండా ఆపుకున్నాడు. ఆ ఓపిక చూడండి.

అంతకు రెండు వందల ఏళ్ల ముందే జర్మన్ చిత్రకారుడు డ్యూరర్ కూడా అంతే. 1498లో తన చెక్కబ్లాకుల బొమ్మల పుస్తకాన్ని తనే అచ్చేసుకున్నాడు, ప్రతి దాని మీదా ఏ, డి అక్షరాలు కలిపిన గుర్తు వేసుకున్నాడు. ఆయన భార్య ఆగ్నెస్ సంతల్లో ప్రింట్లు అమ్మింది. మా ఆర్ట్ హిస్టరీ క్లాసులో డ్యూరర్ గీత గురించి నాలుగు వారాలు చెప్పుకున్నాం, ఆగ్నెస్ పేరు ఒక్కసారి కూడా రాలేదు.

ఆ తర్వాత నేటి సంగతి. 1886 నాటి బెర్న్ ఒప్పందం, దానికి 1908లో జరిగిన సవరణ పుణ్యమా అని, సభ్య దేశాల్లో బొమ్మ గీసిన క్షణం నుంచే కాపీరైట్ మనది. రిజిస్టర్ చేయించుకోవాలన్న షరతు లేదు. బొమ్మ అమ్మడం వేరు, దాని హక్కులు అమ్మడం వేరు. నా ప్రింటు కొన్నవాడు గోడకి తగిలించుకోవచ్చు, టీషర్టుల మీద వేసి అమ్ముకోకూడదు. వినడానికి ఇంత చిన్న విషయం.

ఇది నాకు రెండేళ్ల ముందు తెలిసి ఉంటే! అప్పుడు ఒక వ్యాపారం వాళ్లు (పేరెందుకు) ఒక పిట్ట బొమ్మ, దాని కింద అక్షరాలు కావాలన్నారు. చిన్న బోర్డుకట, డబ్బులు లేవుగానీ "మీకు మంచి పబ్లిసిటీ" అన్నారు. నాలుగు రాత్రులు కూర్చుని చేసి ఫైల్ పంపాను. ఆరు నెలలకి ఆ పిట్ట సంచుల మీద, డబ్బాల మీద, స్టిక్కర్ల మీద ఎగురుతోంది. నా పేరు ఎక్కడా లేదు. అచ్చంగా కంచి గరుడసేవ. లాయరుగారి క్లాసయ్యాక పాత మెయిళ్లు తీసి చూశాను. బోర్డు అన్న మాట తప్ప ఇంకే వాడకం గురించీ అందులో లేదు, హక్కులు రాసిచ్చిందీ లేదు. ఆయన చెప్పిన పద్ధతిలో ఉత్తరం రాశాను: దేనికి వాడతారు, ఎన్నాళ్లు, ఎక్కడెక్కడ, ఎంతకి. మూడు వారాలకి జవాబొచ్చింది, "అది మాకే ఇచ్చేశారనుకున్నాం" అని. ఇంకో రెండు ఉత్తరాల తర్వాత నా పేరు వేశారు, సంచి అడుగున, మడత దగ్గర. డబ్బులు ఇవ్వలేదు. అయినా ఆ ఉత్తరం నమూనా దాచుకున్నాను. ఇప్పుడు ఎవరు ఏమడిగినా ముందు ఆ నాలుగు ప్రశ్నలే.

ఎనిమిదో వారం దాకా నేను ఈ కోర్సుకి వీరాభిమానిని. ఆ వారమే చెప్పిన ఇంకో రెండు సంగతులు రాసి, తర్వాత తిట్టడం మొదలెడతాను.

ఒకటి, సరస్ సరస్వతి అనే పరిశోధకురాలి పని. అనుభవమున్న 27 మంది ఎంట్రప్రెన్యూర్లకి ఒకే సమస్య ఇచ్చి, ఆలోచిస్తున్నది ఆలోచిస్తున్నట్టే పైకి చెప్పించి వింది. దాన్ని బట్టి ఎఫెక్చుయేషన్ అని 2001లో పేపరు రాసింది. వాళ్లు పెద్ద లక్ష్యం పెట్టుకుని దానికోసం పరుగెత్తలేదు. నేనెవర్ని, నాకేం తెలుసు, నాకెవరు తెలుసు అని చేతిలో ఉన్నదాంతో మొదలెట్టారు. ఎంత వస్తుందని కాదు, పోతే ఎంత పోయినా తట్టుకోగలనని చూసుకున్నారు. మా చేత ఒక కాగితం మీద మూడు గళ్లు గీయించారు: పోగొట్టుకోగలిగిన డబ్బు, పోగొట్టుకోగలిగిన టైము, పోగొట్టుకోగలిగిన పరువు. నేను రాసింది: మిగిలిపోయిన లినో ముక్క ఒకటి, రెండు ఆదివారాలు, పరువు కొంచెం.

నాకేం తెలుసు అన్న గడిలో ఏం రాయాలో తోచలేదు. పక్కనున్న చరిత్ర అమ్మాయి గుర్తుచేసింది: "నువ్వు అక్షరాలు తిరగేసి రాస్తావు కదా." నిజమే. అచ్చులో సరిగ్గా పడాలంటే షీటు మీద అద్దంలో కనిపించినట్టు చెక్కాలి. మాకది అలవాటు, బయటివాళ్లకి గారడీ. నాకెవరు తెలుసు అన్న దాంట్లో పుస్తకాలు బైండింగ్ చేసే ఒక సీనియర్ అక్క. రెండూ కలిపితే బుక్‌ప్లేట్లు వచ్చాయి: ఈ పుస్తకం ఫలానా వారిది అని, వాళ్ల పేరుతో, చిన్న బొమ్మతో, పుస్తకం లోపలి అట్టకి అంటించుకునేవి. ఫ్రేము గొడవ లేదు. ఆ లినో ముక్క మీద మొదటిది చెక్కాను. అక్క తన కస్టమర్లకి చూపించింది. నెలలో మూడు ఆర్డర్లు. మూడే. కానీ ముగ్గురూ ముందు డబ్బిచ్చారు, నేను ఐదు దాకా లెక్కపెట్టాను.

రెండోది, మోజార్ట్ కథ. 1784లో తన కచేరీలకి ముందే చందాలు కట్టించుకుని, 174 మంది చందాదారుల పేర్లు వాళ్ల నాన్నకి రాసి పంపాడు. 1789లో మళ్లీ అలాగే లిస్టు తిప్పితే రెండు వారాలకి వచ్చిన పేరు ఒక్కటి. అదే మోజార్ట్. జనం దగ్గర ముందే డబ్బు పోగుచేసే వెబ్‌సైట్, 2009లో మొదలైన కిక్‌స్టార్టర్‌లో అనుకున్న మొత్తం చేరకపోతే ఎవరి దగ్గరా పైసా తీసుకోరు, 2013లో జాక్ కాంటే అనే సంగీతకారుడు ఇంకొకరితో కలిసి పెట్టిన పేట్రియాన్‌లో నెలనెలా చందా. పద్ధతి పాతదే, తెర కొత్తది. వయొలిన్ అబ్బాయి ఆ ఒక్క పేరు గురించే వారమంతా మాట్లాడాడు.

ఇక తిట్లు.

తొమ్మిదో వారం నుంచి మేడం తప్పుకుని వేరే సర్ వచ్చారు. అక్కడి నుంచి కోర్సు వేరే కోర్సు అయిపోయింది. ఆర్ట్స్ వాళ్ల కోసం ఎవరో శ్రద్ధగా తయారుచేసింది మొదటి సగం, మేనేజ్‌మెంట్ వాళ్ల స్లైడ్ల మీద పేరు మార్చి తెచ్చింది రెండో సగం. ఉదాహరణలన్నీ యాప్‌లు. వ్యాపారమంతా ఒక్క పేజీలో చూపించే తొమ్మిది గళ్ల బిజినెస్ మోడల్ కాన్వాస్ నింపించారు, అది మాత్రం కొందరికి పనికొచ్చింది. చరిత్ర అమ్మాయి పెద్దవాళ్ల జ్ఞాపకాలు రికార్డు చేసి పుస్తకంగా కట్టించి ఇద్దామనుకుంటోంది. కస్టమర్ అన్న గడిలో ఎవర్ని రాయాలో గంట సేపు తేలలేదు. మాట్లాడేది అమ్మమ్మలు, తాతయ్యలు. డబ్బిచ్చేది కొడుకులు, కూతుళ్లు. ఇద్దరికీ కావాల్సింది ఒకటి కాదు. ఆ గళ్లు లేకపోతే ఆ తేడా తనకి ఇంకో ఏడాదికి తెలిసేది. నాకైతే తొమ్మిదింట్లో ఆరు గళ్లలో ఒకే మాట వచ్చింది: నేను.

అసలు నొప్పి పిచ్ దగ్గర, అంటే మన వ్యాపార ఆలోచనని జడ్జీల ముందు చెప్పి ఒప్పించడం. ఐదు నిమిషాలు, పది స్లైడ్లు, అందులో ఒకటి తప్పనిసరిగా ఐదేళ్ల ఆదాయం అంచనా. మంచం కింద 19 ప్రింట్లున్న మనిషిని ఐదో ఏడు ఆదాయం రాయమంటే నేల విడిచి సాము కాక ఏంటి? రాశాను. గ్రాఫ్ పైకి పోతూ చాలా అందంగా వచ్చింది, డ్రాయింగ్ వచ్చినందుకు అదొక్కటే లాభం.

వయొలిన్ అబ్బాయి ఆలోచన బాగుండేది. నలుగురు కలిసి, మంచం దిగలేని రోగుల గదుల్లోకి వెళ్లి వాయించడం. ముగ్గురు జడ్జీల్లో ఒకాయన అడిగారు: "దీన్ని స్కేల్ ఎలా చేస్తావు?" అంటే, ఖర్చు అంతగా పెరగకుండా ఇంకా ఎంతోమందికి ఎలా చేరుస్తావని. వాడు తెల్లబోయాడు. విచిత్రమేమిటంటే, దీనికి జవాబు ఈ కోర్సులోనే మేడం చెప్పారు. బౌమోల్, బోవెన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 1966లోనే వివరంగా రాశారు: ఫ్యాక్టరీలో ఏటేటా తక్కువ మందితో ఎక్కువ సరుకు తీయొచ్చు, నలుగురు వాయించాల్సిన సంగీతానికి మాత్రం రెండొందల ఏళ్ల కింద నలుగురే, ఇప్పుడూ నలుగురే. వేగంగా వాయించి టైము మిగుల్చుకోలేరు. కానీ మిగతా చోట్ల జీతాలు పెరుగుతుంటే వీళ్లకీ పెంచాలి, అందుకే ప్రదర్శన కళలకి ఖర్చు ఎప్పుడూ తరుముకొస్తూనే ఉంటుంది. ఒక సగంలో ఇది నేర్పి, ఇంకో సగంలో స్కేల్ చేయలేదని మార్కులు కోస్తే ఎలా? వాడికి వందకి 51 వచ్చింది. మొదటి బహుమతి ఒక యాప్‌కి. ఆ యాప్ ఇప్పటిదాకా పుట్టలేదు.

మార్కుల పంపకం కూడా రాస్తాను, చూడండి. పిచ్‌కి 40. గ్రూప్ ప్లాన్‌కి 25. అపరిచితులతో మాట్లాడినందుకు 15. గంటల లెక్కకి 10. హాజరుకి 10. నా చేతిలో ఉంటే మొదటిదీ, నాలుగోదీ తారుమారు చేస్తాను.

ఒకరోజు గెస్ట్ ఒకాయన వచ్చి, త్వరగా ఫెయిలవండి, మళ్లీ మళ్లీ ఫెయిలవండి అని గంట సేపు ఊదరగొట్టారు. ఆయన మూడు కంపెనీలు మూసేశారట, నవ్వుతూ చెప్పారు. ఫిలాసఫీ అబ్బాయి చెయ్యెత్తి, "మూసేసినప్పుడు ఇంటద్దె ఎవరు కట్టారు సర్?" అని అడిగాడు. ఆయన దానికీ నవ్వారు, జవాబు చెప్పలేదు. మూడు గళ్ల కాగితం నింపిన క్లాసులో ఆ ఉపన్యాసం చెల్లలేదు.

ఇంకో లోటు. పన్నులు, బిల్లు రాయడం, బాకీ వసూలు చేయడం, అన్నీ కలిపి ఆఖరి రోజు 40 నిమిషాలు. సాహిత్యం వాళ్లు అనువాదాలు చేసి ఆరు నెలలు డబ్బు కోసం తిరుగుతుంటారు, వాళ్లకి ఇదే అన్నిటికన్నా ముందు కావాలి. గడువు తేదీ వేసి బిల్లు ఎలా పంపాలో నేను ఆ సీనియర్ అక్క దగ్గర నేర్చుకున్నాను, క్లాసులో కాదు.

మా దగ్గర ఏముందో కూడా వాళ్లు పట్టించుకోలేదనిపించింది. మేం ప్రతి నెలా సగం చేసిన పనిని గోడకి పెట్టి, 20 మంది చేత మొహం మీదే విమర్శలు చెప్పించుకుంటాం. తర్వాత వెళ్లి మళ్లీ చేస్తాం. వాళ్లు ప్రోటోటైప్, ఫీడ్‌బ్యాక్ అని కొత్తగా రెండు వారాలు నేర్పింది అదే. నాటకం వాళ్లు వేళకి తెర లేపుతారు, ఉన్న డబ్బుతోనే సెట్టు వేస్తారు. అది మీకు వచ్చు అని ఒక్క మాట చెప్పి, ఆ రెండు వారాలు బిల్లులకి, ఒప్పందాలకి ఇచ్చి ఉంటే నేను నాలుగున్నర ఇచ్చేదాన్ని.

చేరేవాళ్లకి రెండు మాటలు. ఫైనల్ షో ఉన్న సెమిస్టర్‌లో తీసుకోవద్దు, ఇంటర్వ్యూలకే వారానికి ఐదారు గంటలు పోతాయి. ఇంతకు ముందు ఏ ఒక్కటైనా అమ్మి ఉంటే, లేదా డబ్బుకి ఏదైనా చేసి ఉంటే మాత్రం తప్పక చేరండి. లేకపోతే మూడో వారం మీకు ఉత్త లెక్కల క్లాసులా ఉంటుంది. గ్రూప్ ప్లాన్‌లో అంకెలన్నీ ఒక్కరి మీదే వదిలేయకండి. మా గ్రూపులో వదిలేశాం, ఆ ఒక్కడు రెండు రోజుల ముందు జ్వరమని పడుకున్నాడు.

నేను పాత ఎడిషన్ ధర పెంచాను. ఇప్పుడు ఖర్చుకి ఐదు రెట్లు. పెంచితే ఒక్కటీ పోదనుకున్నాను, ఈ నాలుగు నెలల్లో ఆరు పోయాయి. కొనేవాళ్లకి ఫ్రేము సంగతి ముందే చెప్తున్నాను, 23 బై 31, రెడీమేడ్‌లో పట్టదని. మంచం కింద ఇంకా 13 ఉన్నాయి.